నియమం ఒక్కటే, తాళంచెవులు వేరు

1985లో ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కుల ధ్రువపత్రానికో, అడంగల్ నకలుకో పూటంతా ప్రయాణం చేసి తాలూకా కేంద్రానికి వెళ్లాల్సిన మనిషికి కార్యాలయం దగ్గరైంది. చట్టం మాత్రం రాష్ట్రమంతటికీ ఒక్కటే. మారింది సంతకం పెట్టే చెయ్యి. ఆ చేతికి రెండు హద్దులున్నాయి. ఒకటి నేల హద్దు: ఒక మండలం తహసీల్దారు పక్క మండలం పనుల మీద సంతకం పెట్టలేడు. రెండోది పని హద్దు: తన మండలంలోనే అయినా కలెక్టరు చేయాల్సిన పని తహసీల్దారు చేయలేడు. ఈ అమరిక మనకు ఎంతగా అలవాటైపోయిందంటే, దాని వెనక ఉన్న ఆలోచనను మనం గమనించడం మానేశాం. వేల కంప్యూటర్లున్న ఆస్పత్రికీ, బ్యాంకుకూ, విశ్వవిద్యాలయానికీ ఎదురయ్యే చిక్కు అచ్చంగా ఇలాంటిదే. ఆ కంప్యూటర్లలో ఎక్కువ భాగం విండోస్‌తో నడుస్తాయి. వాటి మీద పెత్తనం ఎవరిది, ఎంతవరకు అన్న ప్రశ్నకు పాతికేళ్లుగా సాంకేతిక లోకం వెతుక్కున్న జవాబు కూడా దాదాపు మండల వ్యవస్థ లాంటిదే. ఆ జవాబును సగం మాత్రమే అమలు చేసిన చోటల్లా భారీ మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

చిక్కు ఎక్కడ మొదలవుతుందో ముందు చూద్దాం. ఒంటరిగా ఉన్న ప్రతి విండోస్ కంప్యూటరూ ఒక చిన్న సంస్థానం. దానికి సొంత వాడకందారుల జాబితా ఉంటుంది, సొంత అడ్మినిస్ట్రేటర్ల బృందం ఉంటుంది. ఆ బృందంలో ఉన్నవారు ఆ కంప్యూటర్ మీద చేయలేనిది లేదు. కొత్త ప్రోగ్రాములు పెట్టగలరు, తోటివారి ఫైళ్లు తెరవగలరు, యాంటీవైరస్‌ను ఆపేయగలరు, ఏం జరిగిందో రాసుకునే చిట్టాను సైతం చెరిపేయగలరు. పది కంప్యూటర్లున్న కార్యాలయంలో ఒక మనిషి కుర్చీ కుర్చీకీ తిరిగి అన్నీ సరిచూసుకోగలడు. 3,000 కంప్యూటర్లున్న చోట ఒక్కో దానికి 10 నిమిషాల పని పడితే మొత్తం 500 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున ఒక మనిషికి రెండు నెలలు దాటే పని. ఆ రెండు నెలలు పూర్తయ్యేలోగా మరో మార్పు అవసరమవుతుంది. ఈ ఒత్తిడిలో సంస్థలు సాధారణంగా రెండు తప్పుల్లో ఒకటి చేస్తాయి. అధికారమంతా ప్రధాన కార్యాలయం గుప్పిట్లో పెట్టుకుంటే, దూరపు శాఖలో ప్రింటర్ డ్రైవర్ ఒకటి పెట్టించుకోవడానికి గుమస్తా రెండు రోజులు ఎదురుచూడాలి. ఆ విసుగుతో అందరినీ అడ్మిన్లను చేసేస్తే, ఎవరో ఒకరు తెరిచిన మోసపు ఈమెయిల్ ఆ కంప్యూటర్‌ను పూర్తిగా పరాధీనం చేస్తుంది. ఈ రెండింటి మధ్య దారి ఉంది. నియమాలు కేంద్రం నుంచి ఒకేలా రావాలి. స్థానిక అడ్మిన్‌కు ఇచ్చే అధికారానికి చోటు హద్దు, పని హద్దు ఉండాలి. ప్రతి యంత్రానికీ రహస్యం వేరుగా ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ నిలబడవని ఈ వ్యాసం వాదన.

ఈ ఆలోచనకు మూలం విండోస్ కన్నా పాతది. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ అనే ఎం.ఐ.టి. శాస్త్రవేత్తలు కంప్యూటర్లలో సమాచార రక్షణ గురించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ప్రతి ప్రోగ్రాముకూ ప్రతి మనిషికీ పనికి కావలసినంత అధికారమే ఉండాలి, రవ్వంత కూడా ఎక్కువ ఉండకూడదని అందులో సూత్రీకరించారు. మాట తేలిక, ఆచరణ కష్టం. 1990లలో విండోస్ ఎన్‌టీ వచ్చినప్పుడు కంప్యూటర్లను డొమైన్ అనే సమూహంగా కట్టే వీలు దొరికింది గానీ, ఆ డొమైన్‌లో ఖాతాలన్నీ అరలు లేని ఒకే పెట్టెలో పోసినట్టు ఉండేవి. గుంటూరు శాఖలో పాస్‌వర్డులు మార్చే పని ఒకరికి అప్పజెప్పాలంటే, ఆ అధికారాన్ని గుంటూరు వరకే పరిమితం చేసే దారి లేదు. అందుకే పెద్ద సంస్థలు శాఖకో డొమైన్ కట్టుకుని, వాటి మధ్య నమ్మకపు బంధాలు ముడివేసుకుంటూ పోయాయి. కొన్నాళ్లకు ఆ ముడులు విప్పడమే పెద్ద పనైంది. 2000 ఫిబ్రవరి 17న విడుదలైన విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది. దాని పునాదులు అన్నీ మైక్రోసాఫ్ట్ సొంతం కావు. డైరెక్టరీతో మాట్లాడే ఎల్‌డాప్ భాష మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, గుర్తింపును రుజువు చేసే కెర్బెరోస్ పద్ధతి ఎం.ఐ.టి.లో పుట్టింది. యాక్టివ్ డైరెక్టరీ చేసిన అసలు మేలు, ఒకే డొమైన్ లోపల అరలు కట్టుకునే వీలు. ఆ అర పేరు ఆర్గనైజేషనల్ యూనిట్, వాడుకలో ఓయూ.

కంప్యూటర్‌ను డొమైన్‌లో చేర్చినప్పుడు జరిగేదేమిటి? ఆ యంత్రానికి డైరెక్టరీలో సొంతంగా ఒక ఖాతా ఏర్పడుతుంది, దానికో పాస్‌వర్డ్ కూడా ఉంటుంది. మామూలుగా ప్రతి 30 రోజులకు యంత్రమే ఆ పాస్‌వర్డ్‌ను మార్చుకుంటుంది. ఇకపై ఎవరు ఎవరన్న విషయంలో డొమైన్ కంట్రోలర్ అనే సర్వర్ మాటను ఆ యంత్రం నమ్ముతుంది. ఉదయం మీరు లాగిన్ అయినప్పుడు ఆ సర్వర్ మీకు కొన్ని గంటల పాటు చెల్లే ఒక టికెట్ ఇస్తుంది. ఫైల్ సర్వర్ దగ్గరికో, ప్రింటర్ దగ్గరికో వెళ్లినప్పుడు ఆ టికెట్టే మీ గుర్తింపు. కంప్యూటర్ గడియారానికీ సర్వర్ గడియారానికీ 5 నిమిషాలకు మించి తేడా ఉంటే టికెట్ చెల్లదు, ఎందుకంటే పాత టికెట్‌ను ఎవరో దొంగిలించి మళ్లీ వాడుతున్నారేమో తేల్చుకోవడానికి కాలమే ఆధారం. ఇంకో సంగతి కూడా ఆ చేరిక సమయంలోనే నిశ్శబ్దంగా జరిగిపోతుంది. డొమైన్ అడ్మిన్స్ అనే కేంద్ర బృందం ఆ యంత్రపు స్థానిక అడ్మినిస్ట్రేటర్ల జాబితాలోకి చేరుతుంది. కేంద్రానికి ప్రతి కంప్యూటర్ మీదా పట్టు దొరికేది ఈ ఒక్క చేర్పుతోనే. తర్వాతి కష్టాలకు విత్తనం పడేదీ ఇక్కడే.

కేంద్రం తన నియమాలను పంపే సాధనం గ్రూప్ పాలసీ. పంపుతుంది అన్నామే గానీ, నిజానికి కంప్యూటర్లే వచ్చి అడిగి తీసుకుంటాయి. ప్రతి యంత్రమూ ఆన్ అయినప్పుడు ఒకసారి, ఆ తర్వాత దాదాపు 90 నిమిషాలకొకసారి డొమైన్ కంట్రోలర్‌ను పలకరించి, నియమాలేమైనా మారాయా అని చూస్తుంది. ఆ 90 నిమిషాలకు సున్నా నుంచి 30 నిమిషాల వరకు ఏదో ఒక అంకెను యాదృచ్ఛికంగా ఎంచుకుని కలుపుకుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు వేల యంత్రాలు ఒకేసారి మేల్కొంటాయి; అవన్నీ ఆ తర్వాత కూడా ఒకే నిమిషంలో సర్వర్ తలుపు తట్టకుండా ఈ చిన్న ఏర్పాటు కాపాడుతుంది. నియమాలు అమలయ్యే వరుసకూ ఒక తర్కం ఉంది. ముందు యంత్రపు సొంత నియమం, తర్వాత ఆ ప్రాంతానిది, ఆపై డొమైన్‌ది, చివరికి ఓయూది. రెండు నియమాలు ఢీకొంటే చివర వచ్చినదే నిలుస్తుంది. అంటే మామూలుగా యంత్రానికి దగ్గరగా ఉన్న ఓయూ మాటే చెల్లుతుంది. పై నియమాలు తమకు వర్తించకుండా ఓయూ అడ్డుకట్ట కూడా వేసుకోవచ్చు. అయితే కేంద్రం ఏదైనా నియమానికి తప్పనిసరి ముద్ర వేస్తే ఆ అడ్డుకట్ట పనిచేయదు. స్థానిక స్వేచ్ఛ, కేంద్రపు కనీస కట్టుబాటు రెండూ ఒకే యంత్రాంగంలో ఇమడడం ఈ నిర్మాణంలోని గొప్పతనం. డిస్క్ ఎన్‌క్రిప్షన్, భద్రతా అప్‌డేట్లు, ఫైర్‌వాల్ వంటి కొద్ది విషయాలకే తప్పనిసరి ముద్ర వేసి, మిగతావి శాఖకు వదిలేయడం తెలివైన పద్ధతి. అన్నిటికీ ఆ ముద్ర వేసే కేంద్రం చివరికి ప్రతి చిన్న మినహాయింపుకూ తానే అర్జీలు అందుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఓయూలను సంస్థ హోదాల పటంలా గీస్తారు: డైరెక్టరు, ఆయన కింద విభాగాలు, వాటి కింద ఉపవిభాగాలు. అలా గీసిన చెట్టు చూడటానికి బాగుంటుంది గానీ పనికి రాదు. ఒక ఖాతా ఒక సమయంలో ఒక్క ఓయూలోనే ఉండగలదు. బృందాల్లో మాత్రం ఎన్నింటిలోనైనా ఉండవచ్చు. అందువల్ల ఒక ఫోల్డర్ ఎవరు తెరవాలి, ఒక ప్రింటర్ ఎవరు వాడాలి అన్నవి బృందాలు తేల్చాల్సిన విషయాలు. ఈ కంప్యూటర్ బాగోగులు ఎవరు చూస్తారు, దీనికి ఏ నియమాలు వర్తిస్తాయి అన్న రెండు ప్రశ్నలకే ఓయూ జవాబు చెప్పాలి. వైద్య కళాశాలలో అనాటమీ, ఫిజియాలజీ విభాగాల కంప్యూటర్లను ఒకే సాంకేతిక సిబ్బంది చూస్తుంటే, వాటికి రెండు ఓయూలు అక్కర్లేదు. అదే కళాశాలలో పరీక్షల విభాగం గదిలో రెండే కంప్యూటర్లున్నా, వాటిని వేరేవారు చూడాల్సి ఉంటే వాటికో ఓయూ తప్పనిసరి.

చెట్టు సరిగ్గా గీశాక అప్పగింత మొదలవుతుంది. డైరెక్టరీలో ప్రతి వస్తువుకూ ఒక అనుమతుల పట్టిక ఉంటుంది. ఓయూ మీద రాసిన అనుమతి దాని లోపలి ఖాతాలన్నిటికీ దిగుతుంది. అలా ఒక శాఖ సిబ్బందికి, ఆ శాఖ ఓయూలోని ఉద్యోగుల పాస్‌వర్డ్ రీసెట్ చేసే అనుమతి ఒక్కటే ఇవ్వవచ్చు. ఖాతా తొలగించే అనుమతి, బృందాలు మార్చే అనుమతి ఇవ్వకపోవచ్చు. ఇది డైరెక్టరీ మీది అధికారం మాత్రమే. ఆ శాఖలోని కంప్యూటర్ ముందు కూర్చుని డ్రైవర్ పెట్టే అధికారం వేరు. దానికోసం ఆ సిబ్బంది బృందాన్ని ఆ ఓయూలోని యంత్రాల స్థానిక అడ్మినిస్ట్రేటర్ల జాబితాలో గ్రూప్ పాలసీ ద్వారా చేర్చాలి. ఈ రెండు అధికారాలూ రెండు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయన్న సంగతి మరిచిపోతే, ఒకటి ఇచ్చి రెండూ ఇచ్చామనుకుంటాం, లేదా ఒకటే ఇచ్చామనుకుని రెండూ ఇచ్చేస్తాం. గ్రూప్ పాలసీని దిద్దే అనుమతి ఇందుకు మంచి ఉదాహరణ. చూడటానికి అది సెట్టింగులు మార్చే చిన్న హక్కు. కానీ పాలసీలో యంత్రం ఆన్ అయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టు ఒకటి పెట్టవచ్చు, అది ఆ యంత్రంలోని అత్యున్నత అధికారంతో నడుస్తుంది. కాబట్టి ఒక పాలసీని దిద్దగలిగినవారు, ఆ పాలసీ వర్తించే ప్రతి కంప్యూటర్‌కూ అడ్మినే. ఆ పాలసీ డొమైన్ కంట్రోలర్లకు వర్తించేదైతే, ఆ మనిషి మొత్తం డొమైన్‌కే యజమాని.

అప్పగింతలో మరో బలహీనత, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోలేకపోవడం. విండోస్ సర్వర్‌లో అధికారం అప్పగించడానికి మెట్టు మెట్టుగా దారి చూపే విజార్డ్ ఉంది. అప్పగించినది రద్దు చేయడానికి అందులో దారి లేదు. అనుమతుల పట్టిక తెరిచి, ఆ అనుమతి ఉన్న వరుసను వెతికి, చేత్తో చెరపాలి. అందుకే అనుమతిని ఎప్పుడూ మనిషి పేరు మీద రాయకూడదు, బృందం పేరు మీద రాయాలి. ఉద్యోగి బదిలీ అయిన రోజు బృందంలోంచి పేరు తీసేస్తే అధికారం తానుగా పోతుంది. రెవెన్యూ శాఖలో అధికారం కుర్చీదే గానీ మనిషిది కాదన్న నియమం ఇక్కడా అంతే నిక్కచ్చిగా పాటించాలి.

ఇప్పుడు మూడో అంశం, యంత్రానికో రహస్యం. దీని విలువ తెలియాలంటే విండోస్ పాస్‌వర్డ్‌ను ఎలా దాచుకుంటుందో తెలియాలి. యంత్రం పాస్‌వర్డ్‌ను యథాతథంగా దాచదు. గణితంతో దాన్ని ఒక అంకెల ముద్రగా మార్చి ఆ ముద్రనే దాస్తుంది. ముద్ర నుంచి పాస్‌వర్డ్‌ను వెనక్కి రాబట్టడం కష్టం. కానీ పాత ఎన్‌టీఎల్‌ఎం పద్ధతిలో రెండు లోపాలున్నాయి. ఒకే పాస్‌వర్డ్‌కు ఏ యంత్రంలోనైనా ఒకే ముద్ర వస్తుంది. పైగా నెట్‌వర్క్ మీద తలుపు తెరవడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ముద్ర చాలు. చాలా సంస్థల్లో కంప్యూటర్లన్నిటినీ ఒకే నమూనా నుంచి కాపీ చేసి సిద్ధం చేస్తారు. నమూనాలో స్థానిక అడ్మినిస్ట్రేటర్‌కు ఏ పాస్‌వర్డ్ పెట్టారో అదే వేల యంత్రాల్లో ఉండిపోతుంది. ఒక్క యంత్రంలో చొరబడిన దొంగ ఆ ముద్రను తీసుకుని పక్క యంత్రం, దాని పక్కది అంటూ వరుసగా తెరుచుకుంటూ పోతాడు. వేయి గదులకు ఒకే తాళంచెవి చేయించినట్టు. ఈ చిక్కు తెలిసి, స్థానిక పాస్‌వర్డ్‌ను కేంద్రం నుంచి మార్చే వీలు విండోస్ సర్వర్ 2008 కాలంలో గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్ పేరుతో వచ్చింది. ఆ పాస్‌వర్డ్‌ను బలమైన ఏఈఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి, డొమైన్‌లోని ఎవరైనా చదవగల ఫోల్డర్‌లో ఉంచేవారు. ఎన్‌క్రిప్షన్ విప్పే కీ మాత్రం ప్రపంచమంతటికీ ఒకటే. అది మైక్రోసాఫ్ట్ సాంకేతిక పత్రాల్లోనే అచ్చయి ఉంది. 2014 మేలో ఒక భద్రతా అప్‌డేట్‌తో ఆ సౌకర్యాన్ని ఆపారు. అయితే ఆ అప్‌డేట్ కొత్త పాస్‌వర్డులు రాయకుండా ఆపింది గానీ, అప్పటికే రాసి ఉన్న ఫైళ్లను తుడిచేయలేదు. వాటిని వెతికి తీసేయడం అడ్మిన్ల బాధ్యతగానే మిగిలింది. కేంద్రీకరణ ఉంది, రహస్యం వేరుగా లేదు. ఫలితం, కేంద్రమే దొంగకు దారి చూపింది.

దానికి విరుగుడు 2015 మేలో లాప్స్ పేరుతో వచ్చింది. ప్రతి యంత్రమూ తన స్థానిక అడ్మిన్‌కు ఊహకందని పాస్‌వర్డ్‌ను తానే తయారు చేసుకుని, డైరెక్టరీలోని తన ఖాతాలో రాసి ఉంచుతుంది. మామూలు అమరికలో ఆ పాస్‌వర్డ్ 14 అక్షరాలది, 30 రోజులకోసారి మారుతుంది. 2023 ఏప్రిల్ నుంచి ఇది విండోస్‌లోనే భాగమైంది. పాస్‌వర్డ్‌ను డైరెక్టరీలో ఎన్‌క్రిప్ట్ చేసి దాచడం, ఒకసారి వాడాక మార్చేయడం కొత్తగా చేరాయి. అప్పగింతతో ఇది ఎలా కలుస్తుందో చూడండి. ఏ ఓయూలోని పాస్‌వర్డులు ఎవరు చదవవచ్చో అనుమతుల పట్టికే చెబుతుంది. కర్నూలు శాఖ సిబ్బంది కర్నూలు యంత్రాల పాస్‌వర్డులు చదవగలరు, నెల్లూరువి చదవలేరు. ఎవరు ఎప్పుడు చదివారో చిట్టాలో నమోదు చేయించుకోవచ్చు. ఇక్కడా పాత అజాగ్రత్త కాటు వేయగలదు. పదేళ్ల కిందట తొందరలో ఒక బృందానికి ఆ ఓయూ మీద సర్వాధికారం ఇచ్చి ఉంటే, పాస్‌వర్డులను ఎన్‌క్రిప్ట్ చేయకుండా లాప్స్ పెట్టిన రోజే ఆ బృందానికి పాస్‌వర్డులన్నీ చదివే హక్కు అడగకుండానే దక్కుతుంది. కాబట్టి కొత్త తాళాలు వేయించే ముందు పాత అప్పగింతల లెక్క తేల్చుకోవడం తప్పనిసరి.

ఇదంతా అతి జాగ్రత్త అనిపించేవారికి 2017 జూన్ 27 నాటి సంఘటన జవాబు చెబుతుంది. యుక్రెయిన్‌లో విస్తృతంగా వాడే ఎం.ఇ.డాక్ అనే పన్నుల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాక్కుని నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రాము బయలుదేరింది. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే మందు విడుదల చేసింది. అయినా మందు వేసుకున్న యంత్రాలు కూడా పడిపోయాయి. నాట్‌పెట్యాకు రెండో దారి ఉంది మరి: దొరికిన యంత్రపు మెమరీలో మిగిలిపోయిన అడ్మిన్ రహస్యాలను ఏరుకుని, విండోస్ సొంత నిర్వహణ సాధనాలతోనే పక్క యంత్రాల్లోకి వెళ్లేది. అధికారం ఉన్న ఖాతా అడిగితే కంప్యూటర్ తలుపు తీస్తుంది. అడిగింది మనిషా, దొంగ ప్రోగ్రామా అని దానికి తెలియదు. ప్రపంచపు అతిపెద్ద నౌకా రవాణా సంస్థల్లో ఒకటైన డెన్మార్క్ కంపెనీ మెర్స్క్ ఈ దాడిలో కుప్పకూలింది. 10 రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు, 2,500 అప్లికేషన్లు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చిందని ఆ సంస్థ అప్పటి ఛైర్మన్ జిమ్ హేగెమన్ స్నాబే 2018 జనవరిలో దావోస్ వేదికపై చెప్పారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లని కంపెనీయే అంచనా వేసింది. ఒకదాని నకలు ఒకటిగా ఉండే డొమైన్ కంట్రోలర్లు అన్నిచోట్లా తుడిచిపెట్టుకుపోగా, ఘనాలో ఒక్కటి మిగిలిందని వైర్డ్ పత్రిక తర్వాత వివరంగా రాసింది. దాడి సమయానికి అక్కడ కరెంటు పోయి ఆ సర్వర్ నెట్‌వర్క్‌కు దూరంగా ఉండటమే దాన్ని కాపాడింది. ఒకే చోట పోగైన అధికారం, విచక్షణ లేకుండా ఎక్కడపడితే అక్కడ వాడిన అధికారం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఈ వాదన మీద వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది వాడకందారుల నుంచి వస్తుంది. అడ్మిన్ హక్కు తీసేస్తే పని ఆగిపోతుందని పరిశోధకులు, అకౌంటెంట్లు, ఇంజినీర్లు అంటారు. వారి ఇబ్బంది నిజమే. కానీ వారికి కావలసింది ఫలానా సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం, ఫలానా పరికరం కలపడం. యాంటీవైరస్ ఆపేసే హక్కు గానీ, తోటివారి ఫైళ్లు తెరిచే హక్కు గానీ ఎవరూ అడగరు. ముందే పరీక్షించి ఆమోదించిన సాఫ్ట్‌వేర్ల జాబితాలోంచి ఎవరైనా తమంతట తామే పెట్టుకునే వీలు కల్పిస్తే సగం గొడవ తీరుతుంది. మిగతా సగానికి, పక్క గదిలోనే ఉండి పది నిమిషాల్లో వచ్చే స్థానిక అడ్మిన్ కావాలి. అప్పగింత లేని కేంద్రీకరణే జనాన్ని అడ్మిన్ హక్కు కోసం పట్టుబట్టేలా చేస్తుంది. కట్టుబాటు నిలవాలంటే సేవ దగ్గరలో ఉండాలి.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. అన్నిటినీ ఒక చోట నుంచి నడిపితే, ఆ చోట జరిగిన ఒక్క పొరపాటు అన్నిటినీ కూల్చదా? కూలుస్తుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టిందని మైక్రోసాఫ్ట్ అంచనా. విండోస్ యంత్రాలన్నిటిలో ఇది ఒక శాతం కన్నా తక్కువే. అయినా విమానాలు ఆగాయి, ఆస్పత్రులు ఇబ్బంది పడ్డాయి, హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. తప్పు అప్‌డేట్‌ను 78 నిమిషాల్లో ఉపసంహరించారు, కానీ ఆగిపోయిన యంత్రాలకు ఆ మాట చేరే దారి లేదు. చాలా చోట్ల మనిషి ఒక్కో యంత్రం దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైల్ తీసేయాల్సి వచ్చింది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ కావాల్సి వచ్చింది. ఆ ఉదయం అవసరమైనది ఏమిటో గమనించండి: యంత్రం దగ్గరలో ఉన్న మనిషి, ఆ మనిషికి ఆ యంత్రం మీద హద్దులున్న అధికారం, ఆ యంత్రపు సొంత కీ. ఈ సంఘటన కేంద్రీకరణకు వ్యతిరేక సాక్ష్యంలా కనిపించినా, నిజానికి స్థానిక అప్పగింతకు అనుకూల సాక్ష్యం. మరో పాఠం కేంద్రానికి: ఏ మార్పునైనా ముందు కొద్ది యంత్రాలున్న ఓయూలో పెట్టి, కొన్ని రోజులు చూసి, ఆ తర్వాతే అంతటా విస్తరించాలి. నారు ముందు మడిలో పోసి, మొలక చూసుకున్నాకే రైతు పొలమంతా నాటుతాడు.

మూడో అభ్యంతరం నమ్మకం గురించి. స్థానిక అడ్మిన్ తప్పు చేస్తే? చేస్తాడు, కానీ హద్దు ఉంది కాబట్టి నష్టం ఆ ఓయూతో ఆగుతుంది. మరి కేంద్రమే తప్పు చేస్తే? కంచే చేను మేస్తే కాపాడేదెవరన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది, కేంద్రానికీ హద్దులు గీయాల్సింది ఇక్కడే. డొమైన్ అడ్మిన్ ఖాతాతో మామూలు డెస్క్‌టాప్‌లో లాగిన్ కావడాన్ని పూర్తిగా మానుకోవాలి, ఎందుకంటే అలా లాగిన్ అయిన ప్రతి యంత్రపు మెమరీలోనూ ఆ అధికారపు ఆనవాలు మిగిలి, నాట్‌పెట్యా లాంటి దాడికి ఎరవుతుంది. ఈమెయిల్ చూసే ఖాతా వేరు, డెస్క్‌టాపులు బాగుచేసే ఖాతా వేరు, డొమైన్ కంట్రోలర్లను ముట్టుకునే ఖాతా వేరు ఉండాలి. దూరపు శాఖల్లో తాళం సరిగా లేని గదిలో సర్వర్ పెట్టాల్సి వస్తే, విండోస్ సర్వర్ 2008తో వచ్చిన చదవడానికి మాత్రమే వీలున్న డొమైన్ కంట్రోలర్ ఉపయోగపడుతుంది. మామూలు డొమైన్ కంట్రోలర్ ఒక్కదానికి అడ్మిన్ అయితే డొమైన్ మొత్తానికి అడ్మిన్ అయినట్టే. ఈ రకం సర్వర్‌లో మాత్రం, అక్కడి సిబ్బందికి ఆ ఒక్క సర్వర్ నిర్వహణ అప్పగించి, డొమైన్ మీద ఏ అధికారమూ లేకుండా ఉంచవచ్చు. పైగా మనం ప్రత్యేకంగా అనుమతించని పాస్‌వర్డులు అందులో నిలవ ఉండవు. దాన్ని ఎత్తుకుపోయినా దొంగకు దక్కేది తక్కువ.

నాలుగో అభ్యంతరం చిన్న సంస్థలది. ఇరవై కంప్యూటర్లున్న జూనియర్ కళాశాలకు ఇంత ఆర్భాటం ఎందుకు, ఖర్చు ఎవరు పెడతారు? ఖర్చు మాటకు జవాబు ఉంది. 2012 డిసెంబర్‌లో వచ్చిన సాంబా 4 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లినక్స్ సర్వర్‌నే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా పనిచేయిస్తుంది. సర్వరే వద్దనుకునేవారికి ఇంట్యూన్ వంటి క్లౌడ్ సేవలున్నాయి. వాటిలోనూ ఫలానా కంప్యూటర్ల మీద ఫలానా సిబ్బందికే అధికారమని హద్దు గీయవచ్చు. వీటిలో ఏదీ కుదరకపోయినా సూత్రం పాటించడానికి పైసా ఖర్చు లేదు. రోజువారీ పనికి మామూలు ఖాతా, బాగుచేయడానికి వేరే అడ్మిన్ ఖాతా, ఒక్కో యంత్రానికి ఒక్కో అడ్మిన్ పాస్‌వర్డ్, అవన్నీ రాసి ప్రిన్సిపాల్ గది బీరువాలో భద్రపరిచిన ఒక పుస్తకం. లాప్స్ చేసే పనికి ఇది చేతిరాత రూపం. 20 యంత్రాలకు ఇది చాలు. 2,000 యంత్రాలకే సాఫ్ట్‌వేర్ కావాలి.

మన ఆస్పత్రులు, కళాశాలలు, సహకార బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు ప్రజల రోగ వివరాలు, మార్కులు, పొదుపు ఖాతాలు ఈ కంప్యూటర్లలోనే దాస్తున్నాయి. అందుకే ఈ విషయం సాంకేతిక సిబ్బందికి మాత్రమే వదిలేయదగినది కాదు. సంస్థ బాధ్యత మోస్తున్న ప్రతి ఒక్కరూ తమ సిబ్బందిని మూడు ప్రశ్నలు అడగాలి. మొత్తం డొమైన్ మీద సర్వాధికారం ఉన్నవారు ఎందరు, వారి పేర్లేమిటి? ఏవైనా రెండు కంప్యూటర్ల స్థానిక అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటేనా? కిందటేడు బదిలీ అయినవారి, ఉద్యోగం మానేసినవారి అధికారాలు ఏ తేదీన తొలగించారు? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు చూపగలిగితే ఆ సంస్థ తన తాళంచెవుల లెక్క తెలిసిన సంస్థ. చూపలేకపోతే, కొత్త సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఆ లెక్క రాయడం మొదలుపెట్టాలి.